చేతిమాటల కొలువున అతిథులు

కృష్ణకు ఉత్తరపుదరిని, నేటి వనపర్తి జిల్లాలో నున్న మా ఆత్మకూరు, ముక్కెరవంశపు ప్రభువుల యేలుబడిలో అమరచింత సంస్థానమునకు రాజధానియై, నిజాము రాజ్యమున తెలుగు విద్యకు ఆదరము కొరవడిన దినములలో గద్వాల వనపర్తులతో పాటు కవిపండితులకు నిలువనీడ నిచ్చినది. అవధానులైన తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానములను దర్శించి సత్కారము లందిరి. అవధానసభ యనగా చెవికి పండుగ. సమస్య వినవలెను, నిషిద్ధాక్షరి వినవలెను, నడుమ నడుమ మ్రోగెడు గంటల నెన్నవలెను. అయినను ఆ సభను కల్పించిన మన పెద్దలు చెవి యొక్కటియే ద్వారమని భావింపలేదు. వీపున పడిన పూవుల నెన్నుట స్పర్శకు పరీక్ష. ఇక నేత్రావధాన మను విద్యలో ఇద్దరు మాటాడకయే, రెప్పల కదలికతోను చూపుల మలుపుతోను తెలుగు అక్షరముల నొకరికొకరు అందింతురు; సభవారు వ్రాసియిచ్చిన వాక్యము మొదటివారి కన్నులనుండి రెండవవారి నోటికి వచ్చును. కన్ను వినగలదనియు, దేహము పలుకగలదనియు తెలుగువారు ఎన్నడో యెరిగిరి. ఎరిగియు, పుట్టుకతో వినికిడి లేని తమ యింటి బిడ్డను ఆ యెరుకతో చూడలేకపోయిరి.

మా వీథిలో ఒక నేతగాడు ఉండెడివాడు. ఊరంతయు ఆయనను మూగాయన యనెడిది. ఆయనకు తలిదండ్రులు పెట్టిన పేరు నాకు ఆయన పోయిన తరువాతనే తెలిసినది. మగ్గపుగుంటలో కాళ్లు దించి కూర్చుండి, నాడె ఇటునుండి అటు విసరుచు, అచ్చు లాగి కొట్టుచున్నపుడు ఆయన యెడమచేతి వ్రేళ్లు తరచుగా గుంట అంచున ఆని యుండెడివి. వాకిట ఎవరు అడుగిడినను నేల అదురును బట్టి కనుగొని తల యెత్తెడివాడు. ఆయన కూతురు, ఆరేండ్ల పిల్ల, బేరమునకు వచ్చిన సేటుకును తండ్రికిని నడుమ నిలిచి, ఆయన చేతిమాటలను నోటిమాటలుగా, ఈయన నోటిమాటలను చేతిమాటలుగా మార్చి చెప్పెడిది. చీరెకు ధర తెగని వేళ తండ్రి కోపమును మెత్తబరచి సేటుకు చెప్పుటయు, సేటు యెకసక్కెమును మ్రింగి తండ్రికి చెప్పకుండుటయు నేను కన్నులార చూచితిని. దుబాసీ పని యంత బరువైనదని నాకు అప్పుడు తెలియదు. చింతచెట్టుపైనుండి పడి నా కనుబొమపై ఏర్పడిన మచ్చను వ్రేలితో గీచి చూపుటయే ఆయన నన్ను పిలుచు పిలుపు. ఊరు ఆయనకు లోపమును పేరుగా పెట్టినది. ఆయన నాకు గురుతును పేరుగా పెట్టెను.

మన ధర్మశాస్త్రములును ఆ వీథి వంటివే. పుట్టుగ్రుడ్డికిని చెవిటికిని దాయభాగము లేదనియు, కూడు గుడ్డ మాత్రము పెట్టవలెననియు మనుస్మృతి విధించినది. కౌటిల్యుడు మూగచెవిటి వేషము వేసిన చారులను అధికారుల ఇండ్లలో నియోగింపుమనెను. వారి యెదుట ఎవరును మాట దాచుకొనరని ఆయన యెరుగును. అనగా బధిరుడు సభలో నున్నను లేనట్లే! 1928లో బ్రిటిషు ఇండియాలో చేసిన శాసనమొకటి హిందూ వారసత్వమున ఈ అంగవైకల్యపు అడ్డును చాలవరకు తొలగించెను గాని, అది నిజాము రాజ్యమునకు చెల్లలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టముతో దేశమంతట ఆ అడ్డు పోయినది.

వినువారు బధిరుల కొలువులోనికి ఎట్లు ప్రవేశించిరి అనునది పరిశీలింపదగిన చరిత్ర. పదునెనిమిదవ శతాబ్దిని పారిసు నగరమున ద లెపే అను క్రైస్తవ గురువు ఒక యింటికి వెళ్లి, కుట్టుపనిలో నున్న ఇద్దరు అక్కచెల్లెండ్రను పలుకరించెననియు, వారు తల యెత్తకుండుట చూచి మొదట నొచ్చుకొనెననియు, తల్లి వచ్చి బిడ్డలకు వినికిడి లేదని చెప్పిన పిదప, వారికి చదువు చెప్పుటకు తానే వారి చేతిభాషను నేర్వ పూనుకొనెననియు చెప్పుదురు. ఆయన తరువాతి తరమువారు ఆ వినయమును మరింత చక్కని రూపమునకు తెచ్చిరి. 1834 నవంబరులో ఫెర్డినాండ్ బెర్తియే మొదలగు బధిర ఉపాధ్యాయులు ద లెపే జన్మదినమును పురస్కరించుకొని విందొకటి నడపిరి. పిమ్మట అది ఏటేట జరిగెడిది. ఆ పంక్తికి వినువారిని కొందరిని, పత్రికారచయితలను సైతము, ఆహ్వానించెడివారు. ఉపన్యాసములు, కవితలు, హాస్యములు అన్నియు చేతులతోనే సాగగా, ఏమియు తెలియక కూర్చున్నవారు వినువారే. వారి కొరకు ఎవరో యొకరు అర్థము చెప్పవలసి వచ్చెడిది. ఆతిథ్యమునకు ఇంతకంటె మంచి రూపమును నేను ఎక్కడను చదివి యుండలేదు. వచ్చినవానిని వెలివేయలేదు, వానికొరకు ఇంటిభాషను మార్చుకొననూ లేదు.

ఆ మర్యాద నిలువలేదు. 1880లో మిలాను నగరమున బధిరవిద్యను గూర్చి మహాసభ జరిగెను. ప్రతినిధులు 164 మంది; అందు బధిరుడు ఒక్కడే. నోటిమాటయే మేలనియు, సైగ నోటిమాటకు విఘ్నమనియు ఆ సభ తీర్మానించెను. బధిరులకొరకు దాదాపు బధిరులే లేని కొలువు అది. 1885 ప్రాంతమున బొంబాయిలోను, 1893లో కలకత్తాలోను వెలసిన మన తొలి పాఠశాలలు ఆ గాలిలోనే పెరిగినవి. పెదవుల కదలికను చూచి మాట గ్రహించుట, గొంతుపై చేయి వేసి ధ్వని పుట్టించుట, ఇదియే చదువైనది. తరగతిగదిలో కట్టుపడిన చేతులు వసతిగృహపు అరుగులమీద, ఆటస్థలములలో, దీపము లార్పక ముందటి గడియలో మాటాడుచునే యుండెను. పెద్దవారు చిన్నవారికి నేర్పిరి. గురువు లేకయే ఒక భాష తరమునుండి తరమునకు దాటినది.

తెలంగాణమువారికి ఈ కథ అర్థము కాకపోవుటకు వీలులేదు. 1921 నవంబరులో హైదరాబాదున వివేకవర్ధినీ నాటకశాలలో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరుగుచుండగా, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడుటకు లేచిరి; సభలోని కొందరు అల్లరి చేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. తెలంగాణమున కవులే లేరను మాట వచ్చినపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఆయన పుట్టినదియు మా నదికి ఆవలి గట్టు సీమలోనే. తన భాషను తన ఊరి సభలోనే మాటాడలేక కూర్చున్న మనిషి మొగము ఎట్లుండునో మన తాతలు చూచిరి. మిలాను సభలోని ఆ యొక్క బధిరుని మొగమును నేను ఆ వెలుతురులోనే చూడగలను.

వినువారు యజమానులుగా గాక ఇరుగుపొరుగుగా నున్నచోట సంగతి వేరు. అమెరికా తూర్పుతీరపు మార్తాస్ వినియార్డ్ దీవిలో రెండు శతాబ్దులకు పైగా వంశపారంపర్యముగా బధిరులు ఎక్కువగా పుట్టిరి. పందొమ్మిదవ శతాబ్దిని అచట 155 మందికి ఒకరు బధిరులని నోరా గ్రోస్ అను పరిశోధకురాలు 1985లో ప్రకటించిన గ్రంథమున వ్రాసిరి. చేపలుపట్టువారు ఒక పడవనుండి మరొక పడవకు, దుకాణదారులు గిరాకీలతో, పెద్దలు తమలో తాము సైతము చేతులతో మాటాడెడివారట. ఎవరు చెవిటివారో జ్ఞాపకము చేసికొనుటకు ఆ దీవి ముసలివారు ఆలోచింపవలసి వచ్చెడిదట. మేనరికములు విరివియైన మన పల్లెలలోను ఒకే యింట ఇద్దరు ముగ్గురు బధిరులు పుట్టుట కలదు. అట్టి యిండ్లలో చేతిమాటలు మొలచును గాని, పక్క యింటికి పాకవు. ఆత్మకూరు సంతలో మా నేతగానితో ధర తెంచుకొన నేర్చినవారు అరువదిమంది యుందురేమో; ఆయనతో ఒక సాయంకాలము కబురు చెప్పగలిగినవారు ఇద్దరే.

బధిరుల చేతిమాట వట్టి అభినయము కాదు, ఆంగ్లమునకో హిందీకో నకలు కాదు. మదన్ వశిష్ఠ అను బధిరపండితుడు 1970వ దశకము చివర జేమ్స్ వుడ్‌వర్డ్ మొదలగువారితో కలసి ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరు బధిరుల పదముల నేర్చి కూర్చి, అవి యన్నియు చుట్టములని చూపెను. ఉల్రికె జెషాన్ అను జర్మను విదుషి తరువాత వ్యాకరణము వ్రాసెను. అందలి సంగతి యొకటి తెలుగువారికి మిక్కిలి దగ్గరిది. ఆంగ్లమున ప్రశ్నపదము వాక్యమునకు మొదట వచ్చును. మన బధిరుల భాషలో చివర వచ్చును: నీవు, పేరు, ఏమి. మనమును ‘నీ పేరు ఏమి’ అనియే యందుము. పురుషుడనుటకు మీసము దువ్వుదురు. స్త్రీ యనుటకు వ్రేలిని ముక్కుపుడక తావున ఆనింతురు. మా ప్రభువుల ఇంటిపేరు ముక్కెర యగుట చేత, ఈ గురుతును మొదటిసారి చూచినపుడు నాకు తెలియకయే చేయి ముక్కుపైకి పోయినది.

ఇక నేర్చు నేర్పు వరుస తారుమారైన కాలము వచ్చినది. అలీ యావర్ జంగ్ హైదరాబాదువాడు, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నుండి మహారాష్ట్ర గవర్నరుగా 1976లో గతించినవాడు. ఆయన పేర బొంబాయిలో 1983లో జాతీయ బధిరసంస్థ వెలసెను. దాని ప్రాంతీయకేంద్రము సికిందరాబాదు మనోవికాసనగరున కలదు. 2001 ప్రాంతమున ఆ సంస్థ బొంబాయిలో సైగభాషా విభాగమును తెరచి, బధిరులే గురువులుగా వినువారికి పాఠములు మొదలిడెను. బల్లలమీద కూర్చున్నవారు వినువారు, నల్లబల్ల యొద్ద నిలిచినవారు బధిరులు! 2011లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయమున సైగభాషా కేంద్రము నెలకొల్పి రెండేండ్లలో మూసివేయగా, బధిరసంఘములు వీథికెక్కి నిరసించినవి. 2015 సెప్టెంబరులో ఢిల్లీలో స్వతంత్ర పరిశోధన శిక్షణ కేంద్రము ఏర్పడినది. 2018లో 3,000 పదములతో ఆ కేంద్రపు తొలి నిఘంటువు, 2021 నాటికి 10,000 పదములు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము సైగభాషను భావప్రసారసాధనముగా పేర్కొనెను. తమ కొలువునకు వాకిలి కట్టుకొన్నవారు బధిరులే.

కొన్నియేండ్ల క్రిందట హైదరాబాదున ఒక ఆదివారపు బధిరసమావేశమునకు మిత్రుని వెంట వెళ్లితిని. కుర్చీలు వరుసలుగా గాక గుండ్రముగా వేసి యుండెను. కిటికీకి వీపు చేసి కూర్చుండిన నన్ను ఒకరు మెల్లగా లేపి ఇటు కూర్చుండబెట్టిరి, వెలుతురు నా మొగమున పడవలె గదా. పిలువవలసినపుడు భుజము తట్టుదురు, లేదా నేలపై కాలు మోపుదురు, దూరమైనచో దీపమును ఆర్పి వెలిగింతురు. ఇద్దరు మాటాడుచుండగా నడుమనుండి పోవలసివచ్చిన, ఆగి వంగి క్షమాపణలు చెప్పి సాగదీయుటకంటె చప్పున దాటిపోవుటయే మర్యాద. మెచ్చుకోలునకు చప్పట్లు లేవు. రెండు చేతులను ఎత్తి ఆడింతురు. గాలిలో అరచేతులు ఆకులవలె అల్లాడుట చూచితిని.

అచట నేను ఒక తప్పు చేసితిని. అర్థము కాని మాటను అడుగుటకై మిత్రుని చెవిలో నోటితో మాటాడితిని, నవ్వితిని. ఎదుట కూర్చున్న వృద్ధుని మొగము ముడుచుకొన్నది. వినికిడి లేనివారి నడుమ ఇద్దరు చేతులు కదపక నవ్వినచో, అది తమనుగూర్చియే యని వారు అనుకొనుటలో దోషమేమున్నది? ఇండ్లలో, భోజనపు పంక్తులలో, పెండ్లి పందిళ్లలో జీవితమంతయు వారు అట్టి నవ్వుల నడుమ కూర్చున్నవారు. ఏమని యడిగిన ‘తరువాత చెప్పెదము’ అను జవాబు పొందినవారు. వారికి ‘తరువాత’ అను మాట అవసరము లేని చోటు అది యొక్కటే, నేను అచటికి కూడ ఆ అలవాటును వెంటబెట్టుకొని పోయితిని. ఆ వృద్ధుడు లేచి వచ్చి, నా పెదవులపై కాక నా చేతులపై తన చేయి వేసి, వానిని పైకెత్తెను. వచ్చినన్ని వంకర సైగలతోనే క్షమింపుమని చెప్పితిని. పేరడిగిరి. వ్రేళ్లతో అక్షరములు కట్ట రాక తడబడుచు, ఏనాటిదో తోచగా, కనుబొమపై మచ్చను వ్రేలితో గీచి చూపితిని. ఆయన మరల గీచి చూచి, తక్కినవారికి చూపెను. ఆ నాటినుండి అచట నా పేరు అదియే.

ఆ పేరు పెట్టినవాని కడసారి జ్ఞాపకము మా సీమలోని కురుమూర్తిస్వామి జాతరది. దీపావళి వెళ్లిన పిదప, స్వామివారి ఆభరణములు మా ఊరినుండి ఊరేగింపుగా బయలుదేరునప్పటికి సీమయంతయు అచటనే యుండును. వడ్డెమాను చర్మకారులు చేసిన ఉద్దాలు, అనగా స్వామి పాదరక్షలు, వచ్చిన రాత్రి గుట్టక్రింద ఇసుక వేసినను రాలదు. ఆ రద్దీలో, చాయ దుకాణమొకదాని ముందు గోనెపట్టాపై, మా నేతగాడును ఏయే ఊళ్లనుండియో వచ్చిన నలుగురైదుగురు బధిరులును కూర్చుండి చేతులతో మాటాడుచుండిరి. డోళ్ల మ్రోత వారికి అడ్డు కాదు. వెలుతురు తగ్గుటయే వారికి అడ్డు; పెట్రోమాక్సు దీపము క్రమముగా ఎర్రబారగా, చేతులు ఒకటొకటే ఆగినవి. దుకాణపు ముసలాయన కెటిలును దింపి, దీపమును దించి, గాలి కొట్టి, ఈ సారి తన పొయ్యివైపు గాక పట్టావైపు తిప్పి వ్రేలాడదీసెను. గిరాకీ పలుచబడిన తరువాత తానును వచ్చి అంచున నిలువబడగా, మా నేతగాడు మోకాళ్లు ముడుచుకొని ఆయనకు గోనెపై చోటు చేసెను.