అయ్యవారి పనిముట్లు

స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ అను సముద్రతీరపు పట్టణమున ‘మద్రాస్ కాలేజీ’ యను పేర నొక ఉన్నత పాఠశాల నేటికిని నడచుచున్నది. ఆ చలిదేశపు బడికి చెన్నపట్టణపు పేరెట్లు వచ్చెనని విచారింపబోయినచో మన వీధిబడి యరుగుమీద పరచిన ఇసుక దాక నడువవలసివచ్చును. ఆ యూరివాడగు ఆండ్రూ బెల్ అను క్రైస్తవ మతాచార్యుడు 1789 లో చెన్నపట్టణపు ఎగ్మూరునందు సైనికుల అనాథబాలురకై నెలకొల్పబడిన శరణాలయమునకు పర్యవేక్షకుడై, అక్షరములైనను రాని పసివారితో తన క్రింది ఉపాధ్యాయులు పడుచున్న పాట్లను చూచి విసిగియుండగా, ఒకనాడు దారిలో దేశీయపు బడియొకటి ఆయన కంటబడెను. పిల్లలు నేలమీది ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచుండిరి. కాగితము లేదు, సిరా లేదు, ఖర్చు లేదు. వెంటనే తన బడిలోను అట్లే చేయుడని ఆయన యాజ్ఞాపింపగా ఉపాధ్యాయులు పెడచెవిని పెట్టిరి. అంతట బెల్ వారిని త్రోసిరాజని, విద్యార్థులలోనే యెనిమిదేండ్ల బాలు నొకనిని పిలిచి చిన్నతరగతి నతని చేతికప్పగించెను. బాలుడు గెలిచెను. అటుపిమ్మట పిల్లలే పిల్లలకు చెప్పుకొను నేర్పాటు బడియంతటను వ్యాపించెను.

1797 లో లండనునందు బెల్ ప్రకటించిన చిన్నపుస్తకము ద్వారా ఈ ఏర్పాటు ‘మద్రాసు పద్ధతి’ యని ప్రసిద్ధికెక్కి, జోసెఫ్ లాంకాస్టరు అను మరియొకడు అదియే తరహాలో బడులు నడపుటచే, ఈ యూహ యెవరిదను వివాదమునకు కూడ కారణమయ్యెను. ఇసుకను మాత్రము దేశీయబాలకులను చూచి నేర్చితినని బెల్ ఒప్పుకొనెను. పిల్లలచేత పిల్లలకు చెప్పించుట తన స్వంత ఆవిష్కరణమనియే కడదాక వాదించెను. 1832 లో ఆయన చనిపోవుచు విడిచిన విస్తారధనముతో సెంట్ ఆండ్రూసులోని బడి వెలసెను; ఆ ధనమునుండియే 1876 లో ఎడింబరో, సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయములందు విద్యాబోధనశాస్త్రమునకు ఆచార్యపీఠములేర్పడెను. ఆంగ్లభాషా దేశములలో ఉపాధ్యాయవృత్తికి విశ్వవిద్యాలయమున పీటవేసిన మొదటి సందర్భములలో ఇది యొకటి. ఆ పీఠములకు మూలమైన యరుగుమీద కూర్చున్న అయ్యవారి పేరు మాత్రము ఏ గ్రంథమునను లేదు.

పేరు లేకపోయినను ఆయన పనితీరు కొంతవరకు మనకు దక్కినది. అదియు మరియొక దొర పుణ్యముననే. 1816 లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున రచించిన ఏ. డి. క్యాంబెల్ 1823 నాటికి బళ్ళారి కలెక్టరుగా నుండెను. నేటి అనంతపురము ప్రాంతము నాడు బళ్ళారి జిల్లాలోనే చేరియుండెడిది. గవర్నరు సర్ థామస్ మన్రో 1822 లో మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) యందలి దేశీయ పాఠశాలలనుగూర్చి విచారణ జరుపవలెనని యుత్తరువు చేయగా, తక్కిన కలెక్టరులలో పలువురు పట్టికలు పూరించి పంపి యూరకుండిరి. క్యాంబెల్ మాత్రము బడిలోపలికి తొంగిచూచి వ్రాసెను. ఆయన లెక్కప్రకారము 9,27,857 మంది జనముగల జిల్లాలో 533 బడులును, వానియందు 6,641 మంది పిల్లలును ఉండిరి. అనగా వేయిమందికి ఇంచుమించు ఏడుగురు. బడులలో కన్నడమువి 235, తెలుగువి 226, తక్కినవి మరాఠీ, పారసీ, అరవము మున్నగువానివి.

తెల్లవారుజామున ఆరుగంటల వేళ బడి ఆరంభమగును. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని యరచేత గౌరవసూచకముగ సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి బెత్తముతో మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చువారికి వరుసగా నొక్కొక్కటి యెక్కువ. కడపట వచ్చిన మందభాగ్యుని చేతులెట్లుండెడివో యూహించుకొనవలసినదే. మొండిశిఖామణులకు కోదండము తప్పదు. దూలమునుండి వ్రేలాడగట్టుట యనునది మన తాతలు నవ్వుచు చెప్పిన కథయే కాదు, ఆ నివేదికలో కూడ నున్నమాట. గుంజీళ్ళు తీయించుట సామాన్యశిక్ష.

పిల్లలను నాలుగు తరగతులుగా విభజించి, క్రిందివారిని పెద్దపిల్లలకప్పగించి, పైవారిని మాత్రము అయ్యవారు స్వయముగా చూచుకొనును. మొదట ఇసుకలో వ్రేలితో దిద్దుట, తరువాత పలక. పలకయనగా నేటి రాతిపలక కాదు. అడుగు వెడల్పును మూడడుగుల పొడవును గల చెక్కకు గంజియు బొగ్గుపొడియు కలిపి పూసి నలుపెక్కించినది. ఇంకొకటి కడితము: గుడ్డను గంజిలో ముంచి బిరుసెక్కించి, పుస్తకమువలె మడతలు మడిచి, మసియు జిగురును పట్టించినది. వ్రాసినదానిని తడిగుడ్డతో తుడిచి మరల వ్రాయవచ్చును. చేయి తిరిగినపిదప తాటాకు, గంటము. ఇంత చవుకగా వ్రాత నేర్పు తీరును, ముందున్న పిల్లవాడు వెనుకబడినవానికి చెప్పుచు తాను కూడ గట్టిపడు తీరును క్యాంబెల్ ఎంతయో మెచ్చి, ఇంగ్లండున ఈ పద్ధతిని అనుకరించుట తగినపనియే యని వ్రాసెను. బెల్ కొట్టివేసిన ఋణమును ఆయన తోటిదేశస్థుడే యిట్లు పద్దున కెక్కించెను.

మెప్పుతోపాటు తప్పును క్యాంబెల్ దాచలేదు. పిల్లలు వల్లించు పద్యములభాష వాడుకభాషకు దూరమైనదగుటచే వారికేమియు బోధపడుట లేదనియు, చెప్పువారిలోనే పలువురికి అర్థము తెలియదనియు ఆయన యభిప్రాయము. తప్పంతయు అయ్యవారిదే యని మాత్రము ఆయన యనలేదు. సీమనుండి వచ్చిపడిన నూలుబట్టలచే నేతపనివారు చితికిపోయిరనియు, పొట్టగడువని తల్లిదండ్రులు బిడ్డలను బడికి పంపుటకు మారుగా కూలికి పంపుచున్నారనియు ఒక కుంఫిణీ యుద్యోగి తన ప్రభుత్వమునకే వ్రాసి పంపుట సామాన్యవిషయము కాదు. నెలకొకసారి పిల్లవాడు తెచ్చియిచ్చు స్వల్పమైన డబ్బుతో, దసరాకు పిల్లలకు విల్లంబులిచ్చి యింటింటికి పాడించుచు త్రిప్పి సంపాదించిన పప్పుబెల్లాలతో, వరహాలతో సంసారమీదిన అయ్యవారినుండి పాండిత్యమును కోరుటయు న్యాయము కాదు.

మన్రో మాత్రము ఉపాధ్యాయునికి మొదట శిక్షణము, జీతము కావలెనని గ్రహించెను. 1826 మార్చి 10 నాటి తన మినిట్టులో, రాజధానియంతట 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు తేల్చి, చెన్నపట్టణమున ఉపాధ్యాయులను తయారుచేయు బడియొకటియు, ప్రతి జిల్లాకు రెండు ప్రధానపాఠశాలలును, క్రమముగా ప్రతి తహసీలునకొక బడియు పెట్టింపవలెనని ప్రతిపాదించెను. మరుసటియేడు, 1827 జులైలో, ఆయన పత్తికొండయందు కలరాతో కన్నుమూసెను. ప్రభువు పోయినపిదప ప్రణాళికకు దిక్కులేకపోయినది. పెట్టిన కొద్ది బడులును ఎక్కువకాలము నిలువలేదు.

తరువాత 1854 నాటి వుడ్ డెస్పాచి, 1856 లో చెన్నపట్టణపు నార్మలు స్కూలు, అది పెరిగి సైదాపేటకు చేరిన ట్రైనింగు కాలేజి, 1894 లో రాజమహేంద్రవరపు ట్రైనింగు కాలేజి, ఇట్లు అడుగులు పడెను. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1910 లో ఎల్.టి. శిక్షణకు సైదాపేటకే పోయెను. ఈ కళాశాలలలో అయ్యవారు పంతులుగారయ్యెను. ఆయన చేతికి హెర్బార్టు అనుయాయుల బోధనా పంచసోపానములు, పాఠముల నోట్సు, నల్లబల్ల, గోడపటము వచ్చెను. విమర్శనపాఠమను నొక పరీక్ష యుండెడిది: ఛాత్రోపాధ్యాయుడు బల్లముందు నిలిచి పాఠము చెప్పుచుండగా తోటివారును ఆచార్యులును వెనుకబెంచీలయందు కూర్చుండి కాగితములపై దోషములు వ్రాసికొని, పాఠము ముగియగనే యొక్కొక్కరే లేచి వానిని చదువుదురు. భయంకరమైనదే; కాని తన వృత్తిని తోటివారి యెదుట పరీక్షకు పెట్టుట అనునది ఉపాధ్యాయునికి లభించిన గొప్పపనిముట్టని నా యభిప్రాయము. అయితే బయట బడులలో ఆనాడు పెత్తనము ఫలితముల గ్రాంటుది. ఇన్‌స్పెక్టరు ఏటికొకసారి వచ్చి, ఒక్కొక్క పిల్లవానిని పరీక్షించి, ఉత్తీర్ణులైనవారి లెక్కనుబట్టి డబ్బు మంజూరుచేయును. పంచసోపానములు అటకెక్కెను, పరీక్షలో అడుగబోవు నాలుగు ముక్కలు కంఠస్థము చేయించినవాడే సమర్థుడయ్యెను.

ఇన్‌స్పెక్టరులందరు అట్టివారు కారు. ఇరువదవ శతాబ్ది ప్రథమదశకమున ఉత్తరసర్కారులకు వచ్చిన జె. ఏ. యేట్సు అను దొర తెలుగు నేర్చుకొనుచు, బడిపుస్తకపు తెలుగొకటియు వీధిలో వినబడు తెలుగొకటియునై యుండుటకు కారణమేమని అడుగగా, విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షుడుగా నున్న పి. టి. శ్రీనివాసయ్యంగారు ఆయనను గురజాడవారికడకును, పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండిన గిడుగు రామమూర్తిగారికడకును పంపెను. అంతకు పూర్వమే గిరిజనులగు సవరల భాషను నేర్చి, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పవలెనని పుస్తకములు కూర్చిన గిడుగువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సుమారు ఎనుబదేండ్లకు పూర్వము బళ్ళారిలో క్యాంబెల్ చూచిన జబ్బే అది. వ్యావహారికోద్యమమును సాహిత్యవివాదముగనే చెప్పుకొనుట మనకలవాటైనను, అది పుట్టినది తరగతిగదిలో, ఒక ఉపాధ్యాయుని వృత్తిపరమైన చిక్కునుండి. గ్రాంథికపుఛాయను విడువలేని ఈ వ్యాసకర్త కూడ ఆ మాట నొప్పుకొనక తప్పదు.

స్వాతంత్ర్యానంతరపు సంఘములు, సిఫారసులు అనేకములు. 1952-53 నాటి మొదలియారు కమీషను తరువాత 1955 నుండి ట్రైనింగు కాలేజీలలో విస్తరణసేవాశాఖలు వెలసెను. అడ్మిషను రిజిస్టరు, హాజరుపట్టీ, అక్విటెన్సు రిజిస్టరు కాపాడుటయే తన విధి యనుకొనుచుండిన ప్రధానోపాధ్యాయుని సదస్సులకు పిలిచి, బోధనకు కూడ నీవే నాయకుడవని చెప్పుట ఆ కాలముననే మొదలయ్యెను. 1961 లో ఢిల్లీయందు ఎన్.సి.ఇ.ఆర్.టి., 1967 లో హైదరాబాదునందు రాష్ట్రవిద్యాపరిశోధనసంస్థ యేర్పడెను. ఉన్నతపాఠశాల చుట్టుప్రక్కల చిన్నబడులను కలిపి స్కూలు కాంప్లెక్సుగా నడపవలెనన్న కొఠారి కమీషను సలహా మాత్రము చాలకాలము కాగితముపైననే యుండెను.

ఆ నిద్రను కొంత వదలించినది 1983 లో బ్రిటిషు సహాయముతో ప్రయోగాత్మకముగా ఆరంభమై, 1989 నుండి రాష్ట్రమంతట వ్యాపించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమికవిద్యా పథకము. పాత పంతుళ్ళు దానిని నేటికిని ‘ఏపెప్’ అనియే తలచుకొందురు. ఉపాధ్యాయుడు స్వయముగా కృత్యములు కల్పించుట, చేయుచు నేర్చుకొనుట, జట్లుగా కూర్చుండి పనిచేయుట, పిల్లవానికిని పిల్లవానికిని గల భేదము నెరుగుట, ఊరినే పాఠముగ వాడుకొనుట, పిల్లల పనిని గోడలపై ప్రదర్శించుట అను ఆరు సూత్రములు దానికి మూలము. కొన్ని బడులకొక ఉపాధ్యాయకేంద్రమును పెట్టి, నియమితదినమున చుట్టుప్రక్కల పంతుళ్ళను అక్కడకు రప్పించి, ఒకరు పాఠము చెప్పగా తక్కినవారు చూచి చర్చించునట్లు చేసిరి. సైదాపేట వెనుకబెంచీలనుండి దోషము దిగిపోయి సహాయము మిగిలినదన్నమాట. అగ్గిపుల్లలు, చింతగింజలు, సోడామూతలు, పాత కేలండర్ల వెనుకభాగము అక్కడి సామగ్రి.

ఇదే కాలమున, 1987 లో, కేంద్రప్రభుత్వము ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ క్రింద బడులకు గ్లోబు, పటములు, గణితపు పెట్టె, విజ్ఞానపు పెట్టె మున్నగునవి పంపెను. మంచివస్తువులే, కాని పలుబడులలో అవి ట్రంకుపెట్టె దాటి బయటకు రాలేదు. ఒక గాజునాళిక పగిలినచో స్టాకు రిజిస్టరులో ఏమని వ్రాయవలెను, ఆడిటువారికేమని చెప్పవలెనను బెంగతో ప్రధానోపాధ్యాయుడు తాళము వేసి చెవి జేబులో నుంచుకొనెను. ఆయనను తప్పుపట్టుటకు నా కలమాడదు. చింతగింజ పోయినచో అడుగువాడు లేడు. అందుచేతనే అది వాడుకలో నిలిచినది. తరువాతికాలమున సర్వశిక్షా అభియాన్ ఉపాధ్యాయునికి ఏటికి 500 రూపాయలు సామగ్రికై యిచ్చుట ఈ సంగతి తెలిసిన పనియే.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీవారు చుట్టుప్రక్కల పల్లెలలో ఏకోపాధ్యాయ పాఠశాలలకై తయారుచేసిన కార్డుల పద్ధతిని కూడ ఇచ్చట చెప్పవలెను. గోడమీది నిచ్చెన పటములో తానెచ్చటనున్నదియు పిల్లవాడే చూచుకొని, బొమ్మగుర్తునుబట్టి కార్డును తీసికొని, తెలియనిచో పెద్దపిల్లవానినడిగి ముందుకు పోవును. ఒక్క పంతులు అయిదు తరగతులను నడపవలసిన బడికి ఇంతకంటె యుక్తమైనది నాకు కనబడలేదు. స్కాట్లండు చుట్టి వచ్చిన విద్య కాదిది. ఇక్కడి అవసరమే దీనిని మరల పుట్టించినది.

ఈ చరిత్రలో మొదటినుండియు ఒక లోపము కలదు. వీధిబడిని గూర్చి వ్రాసినది కలెక్టరు. ఇసుకను గూర్చి వ్రాసినది మతాచార్యుడు. ఏపెప్‌ను గూర్చి వ్రాసినవారు నిధులిచ్చిన సంస్థల పరిశీలకులు. గిడుగువారివంటి యొకరిద్దరు తప్ప పాఠము చెప్పినవారు తమ పనిని గూర్చి వ్రాసికొన్నది అరుదు. ఇప్పటికిని కాంప్లెక్సు సమావేశముల మినిట్సు పుస్తకములో హాజరైనవారి సంతకములు, తీర్మానముల సంఖ్యలు మాత్రమే యుండును. ఆనాడు ఏ ఉపాధ్యాయిని భిన్నములను దేనితో చెప్పినదో, అది యెందుకు ఫలించినదో ఉండదు. ప్రధానోపాధ్యాయులకు నా విన్నపము ఒక్కటే: ఆ పుస్తకమున ప్రతి సమావేశమునకు ఒక పుట విడిచి, చెప్పిన పాఠమును, చెప్పినవారి పేరును, వాడిన వస్తువును వ్రాయించుడు; బీరువా అడుగున చెదలు తినుచున్న పాత లాగు బుక్కులను, పాఠముల నోట్సులను పదవీవిరమణదినమున చిత్తుకాగితముల వానికి వేయక, మండలకేంద్రముననో జిల్లా శిక్షణసంస్థ గ్రంథాలయముననో అప్పగించి రసీదు తీసికొనుడు.