చెల్లని చెక్కు: అప్పు నేరంగా మారిన చరిత్ర

కేంద్ర-రాష్ట్ర సంబంధాల చర్చ వచ్చినప్పుడల్లా వినిపించే పేరు పి.వి. రాజమన్నార్. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా, తెలుగు నాటకకర్తగా పేరొందిన ఆయన రాష్ట్రాల స్వయంప్రతిపత్తిపై 1971లో ఇచ్చిన నివేదికను కేంద్రం అంగీకరించలేదు. ఆయన నేతృత్వంలోని బ్యాంకింగ్ చట్టాల సంఘం 1975లో చేసిన ఒక సిఫారసు మాత్రం పదమూడేళ్లకు చట్టమైంది. ఖాతాలో సొమ్ము లేకుండా చెక్కు ఇవ్వడాన్ని శిక్షార్హం చేయాలన్నదే ఆ సిఫారసు. నేడు మేజిస్ట్రేట్ కోర్టులను ముంచెత్తుతున్న వ్యాజ్యాలకు మూలం అక్కడుంది.

వలస పాలకులు 1881లో తెచ్చిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం దృష్టిలో చెల్లని చెక్కు కేవలం తీరని బాకీ. దాని వసూలుకు సివిల్ దావాయే మార్గం. శిక్షాస్మృతి 420వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయాలంటే, మోసగించే ఉద్దేశం మొదటి నుంచీ ఉన్నదని రుజువు చేయవలసి వచ్చేది. చెక్కుపై జనానికి నమ్మకం కలిగించాలన్న లక్ష్యంతో 1988లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించింది. 1989 ఏప్రిల్ 1న 138వ సెక్షన్ అమలులోకి వచ్చింది. దురుద్దేశాన్ని నిరూపించే భారం ఫిర్యాదిదారుకు తప్పింది. చెక్కు బాకీ నిమిత్తమే ఇచ్చినదని కోర్టు భావిస్తుంది. కాదని చూపే బాధ్యత ఇచ్చినవారిదే.

అయితే చెక్కు తిరిగివచ్చిన క్షణమే నేరం పూర్తికాదు. బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో లిఖితపూర్వక నోటీసు పంపాలి. అది అందుకున్న 15 రోజుల్లో సొమ్ము చెల్లిస్తే కేసు ఉండదు. చెల్లించకపోతే, ఆపై నెలలోగా మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయాలి. జాప్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. వసూలు కోసం సివిల్ దావా వేసే హక్కు విడిగా ఉంటుంది. రాజీకీ దారి ఉంది. లోక్ అదాలత్‌లో కుదిరిన ఒప్పందం సివిల్ డిక్రీతో సమానమని సుప్రీంకోర్టు తేల్చింది.

నోటీసు గడువు మొదట 15 రోజులే, జైలు శిక్ష ఏడాదే. వీటిని పెంచినది 2002 నాటి సవరణ. ఆరు నెలల్లో విచారణ ముగించేందుకు ప్రయత్నించాలని కూడా అదే చెప్పింది. 2018లో మరో సవరణ వచ్చింది. విచారణ సాగుతుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం దానితో కోర్టుకు దక్కింది.

చట్టం కఠినమైనా న్యాయం త్వరపడలేదు. 1,70,000 రూపాయల విలువైన రెండు చెక్కులు 2005 జనవరిలో చెల్లకుండా తిరిగివచ్చిన కేసు 2020 నాటికీ తేలలేదు. దానిని చూసి సుప్రీంకోర్టు స్వయంగా విచారణ చేపట్టింది. 2019 చివరికి పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు ఈ సెక్షన్‌వేనని 2021 ఏప్రిల్‌లో రాజ్యాంగ ధర్మాసనం పేర్కొంది. అంతకు నెల ముందే మరో తీర్పులో అదే న్యాయస్థానం ఈ ప్రక్రియను క్రిమినల్ తోడేలు తోలు కప్పుకున్న సివిల్ గొర్రెతో పోల్చింది.

ఈ సెక్షన్‌ను నేరాల జాబితా నుంచి తొలగించాలని 2020 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ ప్రతిపాదించింది. వర్తక సంఘాలు వ్యతిరేకించాయి. ప్రతిపాదన ముందుకు సాగలేదు. సరుకు అరువిచ్చి చెక్కు పుచ్చుకున్న చిన్న వ్యాపారికి జైలు భయం తప్ప వేరే ఆయుధం లేదన్న వాదన తోసిపుచ్చదగినది కాదు.

కానీ ఆ ఆయుధమే పెద్ద రుణదాత చేతిలోనూ ఉంది. అప్పిచ్చేటప్పుడే సంతకం చేసిన ఖాళీ చెక్కులను హామీగా తీసుకోవడం దేశమంతటా ఉన్న అలవాటు. స్వచ్ఛందంగా ఇచ్చిన ఖాళీ చెక్కుకూ ఈ సెక్షన్ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అవసరంలో ఉన్నవాడి సంతకంలో స్వేచ్ఛ ఎంత అన్నది మాత్రం చట్టం అడగని ప్రశ్న. బాకీ రావలసిన చిన్న వ్యాపారికీ, బాకీ తీర్చలేని చిన్న రైతుకూ ఒకే సెక్షన్, ఒకే కోర్టు, ఒకే వాయిదాలు. శిక్షను పెంచడానికి పార్లమెంటు చూపిన చొరవ, కోర్టులను పెంచడంలో ప్రభుత్వాలు చూపలేదు. ఆ లోటు తీరనంతవరకు చెక్కుపై నమ్మకం చట్టం పుస్తకంలోనే మిగులుతుంది.