మధ్యంతర విద్యార్హత: బందరు ఎఫ్.ఏ. నుంచి క్రెడిట్ల వెనుక బదిలీ దాకా

వ్యాససంగ్రహం:
విశ్వవిద్యాలయ చదువు పూర్తికాకముందే ఆగినప్పుడు, అప్పటివరకు చదివిన దానికి విలువ ఏమిటన్న ప్రశ్న దిగువ కృష్ణా డెల్టాకు కొత్త కాదు. బందరు కళాశాలల్లో ఎఫ్.ఏ., ఇంటర్మీడియట్ పరీక్షలు నడిచిన తీరును అమెరికాలోని క్రెడిట్ల వెనుక బదిలీ విధానంతో ఈ వ్యాసం పోలుస్తుంది. నేటి ‘బహుళ నిష్క్రమణ’ విధానం పాత పద్ధతిలోని ఒక ముఖ్యసూత్రాన్ని విడిచిపెట్టిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎఫ్.ఏ., ఇంటర్మీడియట్, నోబుల్ కళాశాల, ఆంధ్ర జాతీయ కళాశాల, అసోసియేట్ డిగ్రీ, క్రెడిట్ల వెనుక బదిలీ.

1. ఉపోద్ఘాతం:
పామర్రు నాలుగు దారుల కూడలి. ఉత్తరాన గుడివాడ, ఆగ్నేయాన బందరు, పడమట ఉయ్యూరు మీదుగా విజయవాడ, దక్షిణాన కూచిపూడి, చల్లపల్లి మీదుగా దివిసీమ. ఈ చుట్టుపక్కల గ్రామాల విద్యార్థులు పై చదువులకు తరతరాలుగా ఈ దారులనే పట్టారు. వారి ఊళ్లు మారలేదు కాని, వారి పట్టాల మీది విశ్వవిద్యాలయాల పేర్లు మారుతూ వచ్చాయి. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం, 2008లో బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం. ఒకే కుటుంబంలో ముత్తాత నుంచి మునిమనుమరాలి దాకా నాలుగు విశ్వవిద్యాలయాల పట్టాలు ఉండే అవకాశం ఈ ప్రాంతంలో ఉంది.

అయితే పట్టా పుచ్చుకున్నవారి చరిత్రే సాధారణంగా రాయబడింది. రెండేళ్లు చదివి పెళ్లితో ఆగినవారు, తండ్రి మరణంతో పొలానికి మళ్లినవారు, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వంటి విపత్తులో సర్వం పోగొట్టుకున్నవారు కళాశాల చరిత్రల్లో కనిపించరు. వారి చదువును విశ్వవిద్యాలయం ఏ పేరుతో గుర్తించింది, ఏ కాలంలో గుర్తించడం మానేసింది అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

2. ఎఫ్.ఏ. - పట్టాకు ముందు ఒక మజిలీ:
రాబర్ట్ నోబుల్ 1843లో బందరులో స్థాపించిన పాఠశాల కాలక్రమంలో నోబుల్ కళాశాలగా ఎదిగింది. మద్రాసు విశ్వవిద్యాలయ పరిభాషలో అప్పటి కళాశాలలు రెండు శ్రేణులు. బి.ఏ. వరకు బోధించేవి ప్రథమశ్రేణి. మెట్రిక్యులేషన్ తరవాత రెండేళ్లు బోధించి ‘ఫస్ట్ ఇన్ ఆర్ట్స్’ పరీక్షకు పంపేవి ద్వితీయశ్రేణి. జనవ్యవహారంలో ఈ పరీక్ష ‘ఎఫ్.ఏ.’ అయింది. 1904 నాటి విశ్వవిద్యాలయాల చట్టాన్ని అనుసరించి వచ్చిన నిబంధనలతో దీని స్థానంలో ఇంటర్మీడియట్ పరీక్ష వచ్చింది. పేరు మారినా స్వభావం మారలేదు.

ఆ స్వభావంలో రెండు అంశాలు గమనించదగినవి. ఒకటి, ఎఫ్.ఏ. పాఠశాల పరీక్ష కాదు. విశ్వవిద్యాలయం నిర్వహించి, తన పేరుతో ఫలితం ప్రకటించిన పరీక్ష. రెండు, బి.ఏ.కు వెళ్లేవారూ వెళ్లనివారూ ఒకే విధంగా ఈ పరీక్ష రాశారు. ఉత్తీర్ణతను నమోదు చేయించుకోవడానికి ‘నేను చదువు మానుతున్నాను’ అని ఎవరూ ప్రకటించుకోనక్కరలేదు. బి.ఏ.లో చేరి మధ్యలో ఆగినా ఎఫ్.ఏ. పోదు. ఈ రెండో అంశమే తరవాతి చర్చకు కీలకం.

అమెరికాలో ‘అసోసియేట్ డిగ్రీ’ అని వ్యవహరించేది కూడా సుమారుగా రెండేళ్ల కళాశాల చదువుకు గుర్తింపే. షికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ నాలుగేళ్ల చదువును రెండు భాగాలుగా చూశాడు. ఆయన ప్రోత్సాహంతో 1901లో జోలియట్ జూనియర్ కళాశాల ఏర్పడింది. ఆ లెక్కన బందరు విద్యార్థి జోలియట్ కంటే ముందే రెండేళ్ల విశ్వవిద్యాలయ అర్హతను ఎరిగినవాడు. కాని పోలికను అతిగా సాగదీయకూడదు. ఎఫ్.ఏ.కు డిగ్రీ హోదా లేదు. పైగా అది ఒక జల్లెడ, ఎందరినో ఆపింది. ‘ఎఫ్.ఏ. ఫెయిల్’, ‘బి.ఏ. ఫెయిల్’ అన్న మాటలను కొందరు పేరు పక్కన విద్యార్హతగానే చెప్పుకొన్న కాలం అది. నేటివారికి ఇది హాస్యంగా తోచవచ్చు. కాని అందులో ఒక న్యాయమైన వాదం ఉంది: పరీక్ష తప్పినంత మాత్రాన చదివిన చదువు లేకుండా పోదు కదా.

బి.ఏ.లోనూ ఇటువంటి వెసులుబాటు కొంత ఉండేది. ఇంగ్లీషు, ద్వితీయభాష, ఐచ్ఛికవిషయం వేర్వేరు విభాగాలు. ఒక విభాగంలో ఉత్తీర్ణులై మరొకదాన్ని తరవాత పూర్తిచేయవచ్చు. పూర్తయిన విభాగం రిజిస్టరులో నిలిచేది. నేటి క్రెడిట్ భావనకు ఇది ముడిరూపం. అయితే ఆ నిలువకు విడిగా పట్టా విలువ లేదు.

3. గుర్తింపు ఎవరిది? - జాతీయ కళాశాల అనుభవం:
1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ప్రభృతులు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థకు వెలుపల, చేతిపనులకు, కళలకు చోటిచ్చిన విద్యాలయమది. యోగ్యతాపత్రానికి విలువ పాఠ్యక్రమం వల్ల వస్తుందా, దాన్ని ఇచ్చేవారి అధికారం వల్ల వస్తుందా అన్న ప్రశ్నను ఈ సంస్థ బందరు నడివీధిలోకి తెచ్చింది. చదువులో సత్తా ఉన్నా, విశ్వవిద్యాలయ ముద్ర లేని పత్రంతో సర్కారు కొలువు దక్కదు.

విశ్వనాథ సత్యనారాయణ జీవితం ఈ రెండు వ్యవస్థలనూ కలుపుతుంది. నోబుల్ కళాశాలలో బి.ఏ. చదువుతూ సహాయనిరాకరణోద్యమ కాలంలో ఆయన చదువు విడిచారు. జాతీయ కళాశాలలో అధ్యాపకులయ్యారు. తరవాత తిరిగి బి.ఏ., ఎం.ఏ. పూర్తిచేశారు. విడిచి వెళ్లడం, తిరిగి చేరడం నేటి విధానపత్రాలు కనిపెట్టినవి కావు. కాని విశ్వనాథవంటి వారికి తిరిగివచ్చే దారి దొరికిందని, అందరికీ దొరికిందని చెప్పడం పొరపాటు.

4. మజిలీ తొలగిపోవడం:
రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘం పన్నెండేళ్ల చదువు తరవాతే విశ్వవిద్యాలయ ప్రవేశం ఉండాలని, డిగ్రీ మూడేళ్లు కావాలని సూచించింది. 1950ల రెండో సగంలో ఇంటర్మీడియట్ పోయి ఏడాది పి.యు.సి., మూడేళ్ల డిగ్రీ వచ్చాయి. పిమ్మట రాష్ట్రంలో రెండేళ్ల ఇంటర్మీడియట్ తిరిగి వచ్చి, 1971లో ఏర్పడిన ఇంటర్మీడియట్ విద్యామండలి చేతికి వెళ్లింది. అదే పేరు, అదే రెండేళ్లు. కాని విశ్వవిద్యాలయ మెట్టు పాఠశాల మెట్టుగా మారింది. మూడేళ్ల డిగ్రీలో రెండేళ్లు పూర్తిచేసి ఆగినవారి చేతిలో మార్కుల జాబితాలు తప్ప పేరున్న అర్హత ఏదీ మిగలలేదు. ఉద్యోగ దరఖాస్తులో వారు ‘ఇంటర్’ దగ్గరే ఆగారు.

5. వెనుక బదిలీ:
అమెరికాలో సమస్య మరో రూపంలో తలెత్తింది. రెండేళ్ల కమ్యూనిటీ కళాశాలలో చేరిన విద్యార్థి అక్కడ అసోసియేట్ డిగ్రీ పూర్తికాకముందే నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి మారతాడు. అక్కడా చదువు ఆగితే రెండు చోట్లా ఏమీ దక్కదు, రెండు చోట్లా కలిపి అసోసియేట్ డిగ్రీకి సాధారణంగా కావలసిన 60 క్రెడిట్లు దాటినా. అందువల్ల విశ్వవిద్యాలయంలో సంపాదించిన క్రెడిట్లను వెనక్కి మొదటి కళాశాలకు పంపి, లోటు పూడితే ఆ కళాశాలే డిగ్రీ ఇచ్చే ఏర్పాటు వచ్చింది. లుమినా ఫౌండేషన్ తదితర సంస్థల సహాయంతో 2012లో మొదలైన ‘క్రెడిట్ వెన్ ఇట్స్ డ్యూ’ కార్యక్రమం దీన్ని అనేక రాష్ట్రాలకు విస్తరించింది. విద్యార్థి అంగీకారం లేనిదే అతని రికార్డు మరొక సంస్థకు పంపరాదన్న నిబంధన, రెండు సంస్థల కోర్సులు ఒకదానికొకటి సరిపోలకపోవడం అక్కడి ప్రధాన చిక్కులు.

విశేషమేమంటే ఈ డిగ్రీ పొందడానికి విద్యార్థి చదువు మాననవసరం లేదు. విశ్వవిద్యాలయంలో కొనసాగుతున్నవారికీ ఇస్తారు. ఇది ఎఫ్.ఏ. నాటి సూత్రమే.

6. నేటి విధానం, పాత రిజిస్టర్లు:
జాతీయ విద్యావిధానం 2020ని అనుసరించి యు.జి.సి. రూపొందించిన చట్రంలో మొదటి ఏడాది 40 క్రెడిట్లకు సర్టిఫికెట్, రెండేళ్ల 80 క్రెడిట్లకు డిప్లొమా ఉన్నాయి. రెండింటికీ వేసవిలో 4 క్రెడిట్ల వృత్తికోర్సు అదనం. అయితే ఇవి నిష్క్రమించేవారికే. మూడో ఏడాదిలో చేరి మధ్యలో ఆగిన విద్యార్థిని, రెండో వేసవిలో వృత్తికోర్సు చేయలేదు కనుక, డిప్లొమాకు అర్హురాలు కాకపోవచ్చు. ఆపద ముందుగా చెప్పి రాదు. ఈ నిబంధన మాత్రం చెప్పి వెళ్లేవారి కోసం రాసినట్లుంది. ఎఫ్.ఏ.తో పోలిస్తే ఇది వెనుకంజ.

ఈ మెట్లు పేదల చదువును డిప్లొమా దగ్గరే ఆపుతాయన్న విమర్శ కొట్టిపారేయదగినది కాదు. ద్వితీయశ్రేణి కళాశాలల చరిత్ర ఆ విమర్శకు కొంత బలమిస్తుంది. కాని దానికి విరుగుడు మెట్టును తీసేయడం కాదు. ఆగినవారికీ సాగేవారికీ దాన్ని సమంగా ఇవ్వడం. సాగేవారి చేతిలోనూ ఉన్న పత్రం ఓటమికి గుర్తు కాదు.

ముందుకు సాగే బదిలీ ఈ రాష్ట్రంలో ఉన్నదే. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ ద్వారా బి.టెక్. రెండో ఏడాదిలో చేరతారు. వెనుకకు సాగే బదిలీయే లేదు. 2021లో యు.జి.సి. నిబంధనలతో ఏర్పడిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అందుకు సాధనం కాగలదు. అందులో క్రెడిట్లకు గరిష్ఠంగా ఏడేళ్ల ఆయుష్షు.

అంతకుముందువారి సంగతి వేరు. రాష్ట్రంలో డిగ్రీకి సెమిస్టర్, క్రెడిట్ పద్ధతి 2015-16లో వచ్చింది. అంతకుముందు ఉన్నవి వార్షిక పరీక్షల మార్కులే. వెనుక బదిలీలో క్రెడిట్లు కళాశాలకు చేరితే చాలదు, ఇక్కడ పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. గుడివాడ కళాశాలలో 1974లో చదువు ఆపినవారి పరీక్షలు ఆంధ్ర విశ్వవిద్యాలయానివి, 1985 నాటివారివి నాగార్జునవి, 2012 నాటివారివి కృష్ణావి. వార్షిక పరీక్షల్లో రెండేళ్ల ఉత్తీర్ణతను 80 క్రెడిట్లుగా లెక్కించవచ్చా, వృత్తికోర్సుకు బదులు జీవితంలో చేసిన పనిని పరిగణించవచ్చా అన్నవి ఆయా విశ్వవిద్యాలయాల అకడమిక్ కౌన్సిళ్లు తేల్చవలసిన ప్రశ్నలు. వాటికి ముందు జరగవలసిన పని పాత మార్కుల రిజిస్టర్లను డిజిటల్ రూపంలోకి తేవడం. తేమ గాలులు వీచే తీరప్రాంతంలో కాగితానికీ ఆయుష్షు పరిమితమే.