పట్టణ మాస్టర్ ప్లాన్: భూమికి రంగు వేసేది ఎవరు?

మీ ఊరి మున్సిపల్ కార్యాలయంలో పట్టణ ప్రణాళిక విభాగానికి ఎప్పుడైనా వెళ్లి ఉంటే, గోడకు వేలాడే పెద్ద రంగుల పటాన్ని మీరు చూసే ఉంటారు. సాధారణంగా అందులో పసుపు రంగు నివాస ప్రాంతాన్ని, నీలం వాణిజ్యాన్ని, ఊదా పరిశ్రమలను, ఎరుపు ప్రభుత్వ, ప్రజోపయోగ సంస్థలను, పచ్చ పార్కులను, ఆటస్థలాలను సూచిస్తాయి. భూ వినియోగ పటం అంటే ఇదే. మాస్టర్ ప్లాన్‌లో నివేదిక, జోనింగ్ నిబంధనలు, రోడ్ల ప్రతిపాదనలు కూడా ఉంటాయి గాని, ప్రజల దృష్టి పడేది మాత్రం ఈ పటం మీదే. అందుకు కారణం లేకపోలేదు. ఒక ఎకరం పొలం పసుపులో పడిందా, ఊదాలో పడిందా, పచ్చలో పడిందా అన్న దాన్ని బట్టి దాని ధర, దానిపై దొరికే అప్పు, అందులో ఇల్లు కట్టుకునే అనుమతి అన్నీ మారిపోతాయి.

ఆ రంగును నిర్ణయించేది ఎవరు? నిర్ణయించే ముందు అడిగేది ఎవరిని? ఈ రెండు ప్రశ్నలకు గత వంద సంవత్సరాలలో వచ్చిన జవాబులను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

వరద తరువాత హైదరాబాదు

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది మరణించారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మైసూరుకు చెందిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. వరదను నగరంలో కాదు, నగరానికి ఎగువనే ఆపాలని ఆయన సూచించాడు. ఆ సూచన ఫలితమే మూసీపై ఉస్మాన్‌సాగర్, ఈసీపై హిమాయత్‌సాగర్.

ఏడవ నిజాం కాలంలో, 1912లో, నగరాభివృద్ధి సంస్థ (సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు) ఏర్పడింది. ఇరుకు వీధులను వెడల్పు చేయడం, మురికివాడలను తొలగించడం, కొత్త ఇళ్లు నిర్మించడం దీని పనులు. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో రాతి కమానుల వెనుక వరుసగా ఉన్న దుకాణాలను మీరు చూసి ఉంటే, ఆ సంస్థ పని తీరు మీకు తెలిసినట్లే. అది అందమైన పనే, గట్టి పనే. అయితే ఏ వీధిని వెడల్పు చేయాలో, ఎవరి ఇల్లు పోవాలో నిర్ణయించింది ప్రభుత్వం నియమించిన వారే. అక్కడ నివసించే వారికి పటం చూసి అభ్యంతరం చెప్పుకునే ఏర్పాటు ఆనాటి పద్ధతిలో భాగం కాదు.

1920 చట్టం: మున్సిపాలిటీ చేతికి ప్రణాళిక

సరిగ్గా ఆ సంవత్సరాలలోనే మద్రాసు ప్రెసిడెన్సీలో మరో ఆలోచన మొదలైంది. గవర్నరు లార్డ్ పెంట్లండ్ ఆహ్వానంపై స్కాట్లండుకు చెందిన పాట్రిక్ గెడిస్ 1914లో భారతదేశానికి వచ్చాడు. ఆయన నగర ప్రణాళికా ప్రదర్శనకు సంబంధించిన పటాలు, చిత్రాలు వేరే ఓడలో బయలుదేరాయి. మద్రాసుపై గుండ్లు కురిపించిన ఎమ్‌డెన్ యుద్ధనౌకే దారిలో ఆ ఓడను కూడా ముంచివేసింది. మళ్లీ సామగ్రి సమకూర్చుకొని 1915లో మద్రాసులో ప్రదర్శన జరిపారు. తరువాత గెడిస్ తంజావూరు, మదురై వంటి పట్టణాలలో కాలినడకన వీధి వీధి తిరిగి నివేదికలు రాశాడు. వైద్యుడు రోగిని పరీక్షించకుండా మందు ఇవ్వడు కదా, పట్టణాన్ని సర్వే చేయకుండా ప్రణాళిక వేయరాదన్నది ఆయన వాదన. ఉన్న ఇళ్లను గుండుగుత్తగా పడగొట్టడానికి బదులు, అవసరమైన చోట మాత్రమే కొద్దిగా తొలగించి మిగతా వాటిని నిలబెట్టాలని ఆయన చెప్పాడు.

1920లో వచ్చిన మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం ఈ ఆలోచనలన్నింటినీ స్వీకరించలేదు. అయినా ఒక ముఖ్యమైన మార్పు తెచ్చింది. ప్రణాళిక తయారు చేయాలని తీర్మానించే అధికారాన్ని మున్సిపల్ పాలకమండలికి ఇచ్చింది. ముసాయిదాను ప్రకటించాలని, అభ్యంతరాలు స్వీకరించాలని, ఆ తరువాతే ప్రభుత్వ ఆమోదానికి పంపాలని నిర్దేశించింది. ప్రణాళిక వల్ల భూమి విలువ పెరిగిన యజమాని నుంచి కొంత మొత్తం వసూలు చేసే వీలు కూడా అందులో ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడే ఈ చట్టం కిందికి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత దీనిని తెలంగాణకూ వర్తింపజేశారు. పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలో లేని మున్సిపాలిటీల మాస్టర్ ప్లాన్లను చాలాకాలం 'జనరల్ టౌన్ ప్లానింగ్ స్కీమ్' అనే పేరుతో పిలవడానికి మూలం ఈ చట్టమే.

పెద్ద నగరాలకు ఇది చాలదని ప్రభుత్వం భావించి 1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం చేసింది. హైదరాబాదుకు హుడా, ఆపైన విశాఖపట్నం, విజయవాడ ప్రాంతాలకు పట్టణాభివృద్ధి సంస్థలు వచ్చాయి. 2008లో హుడా స్థానంలో హెచ్.ఎం.డి.ఎ. ఏర్పడినప్పుడు దాని పరిధి దాదాపు 7 వేల చదరపు కిలోమీటర్లు ఉండేది. ఈ సంస్థల పరిధిలో మాస్టర్ ప్లాన్ తయారు చేసేది ఎన్నికైన మున్సిపల్ పాలకమండలి కాదు, సంస్థే. ఇక్కడ ఒక వైరుధ్యాన్ని మీరు గమనించాలి. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 అంశాలను చేర్చింది. వాటిలో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండవది భూ వినియోగ, భవన నిర్మాణ నియంత్రణ. రాజ్యాంగం మొదటి వరుసలో పెట్టిన పనే ఆచరణలో మున్సిపాలిటీల చేతికి అంతంత మాత్రంగా అందింది.

ముసాయిదా నుంచి జీవో దాకా

ఒక మధ్యతరహా మున్సిపాలిటీలో ఈ పని ఎలా నడుస్తుందో చూద్దాం. మొదట మూలపటం కావాలి. ఒకప్పుడు రెవెన్యూ శాఖ గ్రామ నక్షాలను అతికి, సర్వే నంబర్లు సరిచూసి దీనిని గీసేవారు. 2015లో మొదలైన అమృత్ పథకం తరువాత ఉపగ్రహ చిత్రాల ఆధారంగా కంప్యూటరులో తయారు చేయడం పెరిగింది. దానిపై ప్రస్తుత భూ వినియోగాన్ని గుర్తిస్తారు: ఇల్లు ఎక్కడ, అంగడి ఎక్కడ, చెరువు ఎక్కడ, వరి మడి ఎక్కడ. ఉపగ్రహం పైకప్పును చూపుతుంది గాని ఆ కప్పు కింద జరిగేది కిరాణా వ్యాపారమా, కాపురమా అన్నది చెప్పదు. అందుకే క్షేత్ర పరిశీలన తప్పనిసరి. ప్రణాళికలలో దొర్లే తప్పులలో చాలా వరకు ఈ దశలో కాళ్లకు పని చెప్పకపోవడం వల్ల వచ్చేవే.

తరువాత రాబోయే ఇరవై ఏళ్లకు జనాభాను అంచనా వేస్తారు. అంత జనాభాకు ఎన్ని ఇళ్లు, ఎంత నీరు, ఎన్ని బడులు, ఎంత వెడల్పు రోడ్లు కావాలో లెక్క కట్టి, ఆ లెక్కను పటంపై రంగులుగా మారుస్తారు. పాలకమండలి తీర్మానం, పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ సంచాలకుల పరిశీలన జరుగుతాయి. ముసాయిదాను ప్రకటించి, గడువులోగా అభ్యంతరాలు, సూచనలు ఇవ్వాలని ప్రజలను కోరుతారు. వచ్చిన వాటిని పరిశీలించి, మార్పులు చేసి ప్రభుత్వానికి పంపుతారు. ప్రభుత్వ ఉత్తర్వు, అంటే జీవో, వెలువడితేనే ప్రణాళిక అమలులోకి వస్తుంది. అప్పటి దాకా అది ముసాయిదా మాత్రమే.

ఈ 'మాత్రమే' అన్న మాట ఎంత బరువైనదో కామారెడ్డి ఉదంతం చెబుతుంది. 2022 చివరలో అక్కడ కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా వెలువడింది. పంటలు పండే తమ భూములు పారిశ్రామిక జోన్‌లో పడ్డాయని, కొన్నింటి గుండా రోడ్లు ప్రతిపాదించారని పట్టణం చుట్టుపక్కల రైతులు ఆందోళనకు దిగారు. ఒక రైతు ఆత్మహత్య చేసుకోవడంతో ఆందోళన తీవ్రమైంది. 2023 జనవరి 5న రైతులు కలెక్టరేటును ముట్టడించారు. ఇది ముసాయిదా మాత్రమేనని, జోన్ మారినంత మాత్రాన భూమిని ప్రభుత్వం తీసుకోదని, జనవరి 11 వరకు అభ్యంతరాలు ఇవ్వవచ్చని అధికారులు వివరించారు. చట్టం ప్రకారం ఆ వివరణ సరైనదే. భూసేకరణ వేరు, జోనింగ్ వేరు. కాని రైతు లెక్క చట్టం లెక్క కాదు. కూతురి పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో ఒక గుంట అమ్ముకోవాలంటే, ఊదా రంగు పడిన భూమిని ఇళ్ల స్థలంగా ఎవరు కొంటారు? ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఎవరిస్తారు? పట్టా చేతిలోనే ఉన్నా, దాని విలువ చేజారిపోతుందన్నదే వారి భయం. జనవరి 20న మున్సిపల్ పాలకమండలి సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అదే రోజుల్లో జగిత్యాలలోనూ ఇటువంటి ఆందోళనే, ఇటువంటి తీర్మానమే వచ్చాయి.

నా దృష్టిలో లోపం అభ్యంతరాల గడువు చాలకపోవడంలో లేదు. ప్రజలను అడగడం మొదలయ్యేది పటం గీయడం పూర్తయ్యాక. గెడిస్ చెప్పిన సర్వే దశలోనే ఆ రైతులతో మాట్లాడి ఉంటే, అభ్యంతరాలుగా వచ్చినవి సమాచారంగా వచ్చేవి.

సమీక్ష ఎలా జరుగుతుంది?

ప్రణాళిక కాలపరిమితి ముగిసేలోగా దానిని సమీక్షించి సవరించాలి. వాస్తవంలో సమీక్ష మూడు దారుల్లో జరుగుతోంది. ప్రణాళికను కొత్తగా తయారు చేయడం ఒకటి. ఇది అరుదు. ఒక్కో సర్వే నంబరుకు భూ వినియోగ మార్పిడి కోరుతూ యజమాని దరఖాస్తు చేసుకోవడం, పరిశీలన తరువాత ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వడం మరొకటి. విడివిడిగా చూస్తే ప్రతి మార్పిడీ సబబుగానే ఉండవచ్చు. అవి పోగుపడితే మాత్రం, పటం ఒకటి చెబుతుంటే ఊరు మరొకటి చూపుతుంది. మూడవది క్రమబద్ధీకరణ. అనుమతి లేని లేఅవుట్లను, అక్రమ నిర్మాణాలను రుసుము తీసుకుని సక్రమం చేసే పథకాలు ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివరలో, తెలంగాణలో 2015లో, 2020లో వచ్చాయి. ఇది ప్రణాళికను ఊరికి తగినట్టు వెనక నుంచి దిద్దుకోవడమే.

ఒకే ఉత్తర్వుతో పెద్ద ప్రాంతపు నిబంధన మారిన సందర్భాలూ ఉన్నాయి. విశ్వేశ్వరయ్య సూచనతో వెలసిన ఆ రెండు జలాశయాలనే తీసుకోండి. వాటిని కలుషితం కాకుండా కాపాడడానికి 1996లో 111వ జీవో 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. పాతికేళ్లపాటు అక్కడి రైతులు పక్క గ్రామాల భూముల ధరలు పెరగడం చూస్తూ ఉండిపోయారు. మరోవైపు అక్రమ నిర్మాణాలూ వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69వ జీవోతో ఆ ఆంక్షలను ఎత్తివేసింది. నీటిని కాపాడే భారం మోసిన వారికి ఏమిచ్చాం, ఆంక్షలు తొలగితే నీటిని కాపాడేది ఎవరు అన్న రెండు ప్రశ్నలూ ఇక్కడ న్యాయమైనవే. ఒకదానికి జవాబు చెప్పి రెండోదాన్ని వదిలేస్తే ఆ సమీక్ష సగమే జరిగినట్లు.

చివరగా ఒక విషయం గుర్తుంచుకోండి. కొత్త ముసాయిదా రద్దయితే పట్టణానికి ప్రణాళిక లేకుండా పోదు. కొత్తది ఆమోదం పొందే దాకా పాత ప్రణాళికే కొనసాగుతుంది. కాబట్టి మీ పట్టణంలో ఇప్పుడు అమలులో ఉన్నది ఏ సంవత్సరపు ప్రణాళికో, దానికి ఆమోదం తెలిపిన జీవో ఏదో మున్సిపల్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఆ పటంలో మీ వీధి ఏ రంగులో ఉందో, వీధిలో నిజంగా ఏముందో పక్కపక్కన రాసి చూడండి.