హైదరాబాద్ - చికాగో విమాన మార్గం: దూరం, ప్రయాణ కాలం

ఉన్నత విద్య, ఉద్యోగాల నిమిత్తం అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వెళ్లే తెలుగువారి గమ్యస్థానాలలో చికాగో ఒకటి. శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి చికాగో ఓహేర్ అంతర్జాతీయ విమానాశ్రయానికి అతి దగ్గరి మార్గాన దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. ఇది దాదాపు 8,260 మైళ్లకు సమానం.

మార్గం

గోడపటంలో చికాగో పశ్చిమ దిశన కనిపించినప్పటికీ, భూమి గోళాకారంలో ఉన్నందున అతి దగ్గరి మార్గం దాదాపు ఉత్తర దిశగా సాగుతుంది. అది మధ్య ఆసియా, రష్యాల మీదుగా సుమారు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం వరకు వెళ్లి, ఉత్తర ధ్రువ ప్రాంతాన్ని దాటి, కెనడా మీదుగా చికాగో చేరుతుంది. గాలుల తీరు, గగనతల ఆంక్షలను బట్టి విమానాలు ఈ రేఖ నుంచి పక్కకు మళ్లుతాయి. 2022లో అమెరికా విమాన సంస్థలకు రష్యా, 2025 ఏప్రిల్‌లో భారత విమాన సంస్థలకు పాకిస్థాన్ తమ గగనతలాన్ని మూసివేశాయి. ఇటువంటి సందర్భాలలో దూరం, ఇంధన వ్యయం, ప్రయాణ కాలం పెరుగుతాయి.

ప్రయాణ కాలం

ఎయిర్ ఇండియా 2021 జనవరి 15న బోయింగ్ 777-200 ఎల్.ఆర్. విమానంతో హైదరాబాద్ నుంచి చికాగోకు ప్రత్యక్ష సర్వీసును ప్రారంభించింది. వారానికి ఒకసారి నడిచిన ఈ సర్వీసు అనంతర కాలంలో నిలిచిపోయింది. ప్రారంభ సమయపట్టిక ప్రకారం విమానం మధ్యాహ్నం 12.50కి బయలుదేరి, అదే రోజు సాయంత్రం 6.05కు చికాగో చేరవలసి ఉండేది. గడియారం ప్రకారం 5 గంటల 15 నిమిషాలే అయినా, శీతాకాలంలో చికాగో సమయం భారత కాలమానానికి 11 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది. కావున వాస్తవ ప్రయాణ కాలం 16 గంటల 45 నిమిషాలు.

దుబాయ్ మీదుగా వెళ్లినపుడు మొత్తం దూరం సుమారు 14,200 కిలోమీటర్లు. అదనపు దూరం 900 కిలోమీటర్లు మాత్రమే. అయితే చికాగో దిశలో గాలిలో గడిపే కాలం 19 నుంచి 20 గంటలకు చేరుతుంది. విమానం మారేందుకు 3 గంటలు పట్టినా మొత్తం ప్రయాణం 22 గంటలు దాటుతుంది.

తేదీల లెక్క

మార్చి రెండవ ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు చికాగోలో గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. ఆ కాలంలో వ్యత్యాసం 10 గంటల 30 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో పొరపాటుకు అవకాశం ఎక్కువ. శీతాకాలంలో సోమవారం రాత్రి 9.30కి చికాగోలో బయలుదేరి 16 గంటలు ప్రయాణించిన విమానం హైదరాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున 1 గంటకు. మంగళవారం రాత్రే బంధువులు విమానాశ్రయానికి బయలుదేరవలసి ఉంటుంది.

ఇంటి పెద్దలు మరణించినపుడు విదేశాలలోని సంతానం రాకను బట్టి అంత్యక్రియల సమయాన్ని నిర్ణయించుకునే కుటుంబాలకు ఈ లెక్క ముఖ్యమైనది. విమానం చేరే సమయాన్ని తెలియజేసేటపుడు గంటతోపాటు తేదీని, అది ఏ దేశ కాలమానమో కూడా పేర్కొనడం అవసరం.