అంతర్జాలంపై విద్యార్థుల దృక్పథం – సమస్యాత్మక వినియోగం: ఉత్తరాంధ్ర నేపథ్యంలో చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
విద్యార్థి అంతర్జాలంలో ఎన్ని గంటలు గడుపుతున్నాడన్నది తల్లిదండ్రుల ప్రశ్న. అతడు దాన్ని ఏమనుకొంటున్నాడన్నది పరిశోధకులు వేయవలసిన ప్రశ్న. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నేపథ్యంలో ఈ రెండో ప్రశ్న ప్రాధాన్యాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. భావన – పరిణామం:
అమెరికన్ మనస్తత్త్వవేత్త కింబర్లీ యంగ్ 1996లో అంతర్జాల వ్యసనాన్ని ఒక రుగ్మతగా ప్రతిపాదించారు. 2001లో ఆర్.ఎ. డేవిస్ ఈ చర్చను ఆలోచనాసరళి వైపు మళ్ళించారు. బయట తాను ఎందుకూ కొరగానని, అంతర్జాలంలోనే తనకు విలువ ఉందని నమ్మేవారిలో వినియోగం సమస్యాత్మకమవుతుందని ఆయన సిద్ధాంత సారాంశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 వర్గీకరణలో గేమింగ్ రుగ్మతకు చోటు దక్కింది కాని, అంతర్జాల వ్యసనానికి ప్రత్యేకంగా దక్కలేదు.

3. నెట్ సెంటర్ నుండి చేతిలోకి:
భారతదేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాల సేవలు 1995 ఆగస్టు 15న ప్రారంభమయ్యాయి. చిన్న పట్టణాల విద్యార్థులకు అది మొదట 'నెట్ సెంటర్'గానే పరిచయం. పరీక్షాఫలితాలకో, దరఖాస్తులకో వెళ్ళి, గంటల లెక్కన డబ్బు చెల్లించి తిరిగివచ్చేవారు. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌకైంది. 2020 లాక్‌డౌన్‌లో తరగతిగదే ఫోన్‌లోకి చేరింది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబులు పంపిణీ చేసింది. ఈ మార్పు వాడుకభాషలోనూ కనిపిస్తుంది. 'నెట్‌కి వెళ్ళివస్తాను' అన్న మాట అరుదై, 'నెట్ రావడం లేదు' అన్న మాట నిత్యకృత్యమైంది. అంటే, ఒకప్పుడు చోటుగా ఉన్నది నీరు, కరెంటు వంటి వసతిగా మారింది. చోటుకు వెళ్ళినవారికి తిరిగివచ్చే వేళ ఉండేది. వసతికి అటువంటి హద్దు లేదు.

4. ఇంటి దృష్టి:
విజయనగరంలో 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1909లో మార్పులతో మలికూర్పుగా వెలువడిన గురజాడవారి 'కన్యాశుల్కం'లో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుకొంటారు. ఆ భాష రాని అగ్నిహోత్రావధాన్లుకు అది చదువో కాదో తేల్చుకొనే దారి లేదు. కొడుకు చేతిలోని ఫోన్‌ను చూస్తున్న నేటి తల్లిదండ్రులలో అనేకుల స్థితి ఇదే.

అయితే ఆ ఫోన్‌ను అనుమానంతో మాత్రమే చూడడం కూడా పొరపాటే. ఈ జిల్లాల నుండి వలసలు ఎక్కువ. 2020 లాక్‌డౌన్‌లో గుజరాత్‌లోని వేరావల్‌లో చిక్కుకొన్న మత్స్యకారులలో ఇక్కడివారు అనేకులు. అటువంటి ఇంటి బిడ్డకు ఫోన్ అంటే దూరాన ఉన్న తండ్రి గొంతు కూడా. గంటలు మాత్రమే లెక్కించే కొలమానం ఆ బిడ్డనూ, ఒంటరితనంతో తెరలో తలదాచుకొన్న విద్యార్థినీ ఒకే గాటన కడుతుంది.

5. ముగింపు:
అంతర్జాలాన్ని పాఠంగా, బంధంగా, ఆశ్రయంగా విద్యార్థులు మూడు విధాల చూస్తున్నారని భావించవచ్చు. వేరే ఆశ్రయం లేదనుకొన్నప్పుడు ప్రమాదం మొదలవుతుంది. ఆ భావన వినియోగానికి కారణం కావచ్చు, ఫలితమూ కావచ్చు. కనుక ఉపాధ్యాయులు ఫోన్ లాక్కొనేముందు 'అందులో నీకేం దొరుకుతోంది?' అని అడగాలి. పరిశోధకుల ప్రశ్నావళులు కూడా విద్యార్థుల వాడుకభాషలో ఈ ప్రశ్నతోనే మొదలుకావాలి.