పుంజం, బయానా, బేరం: ఉత్తర సర్కారుల నేతపనివారి ప్రతిఫల చరిత్ర

ప్రవేశిక

శ్రమకు తగిన ప్రతిఫలాన్ని లెక్కగట్టి పని చేయించుకొనేవారితో బేరమాడడం కర్మాగారాలు, కార్మికసంఘాలు ఏర్పడిన తరువాతి పరిణామమని భావించడం పరిపాటి. 18వ శతాబ్దిలో ఉత్తర సర్కారుల నేతపనివారి చరిత్ర ఈ అభిప్రాయాన్ని నిలవనీయదు. మచిలీపట్నం, మాధవాయపాలెం, ఇంజరం, విశాఖపట్నం కేంద్రాల ద్వారా విదేశాలకు వెళ్ళిన నూలుబట్టను నేసిన దేవాంగులు, పద్మశాలీలు, కర్ణభక్తులు, కైకాలవారు తమ పనికి తామే విలువ కట్టగలిగినవారు. ఆ విలువ దక్కనప్పుడు కొనుగోలుదారును మార్చుకోగలిగినవారు. ఈ రెండు సామర్థ్యాల్లో రెండవది నశించినప్పుడు మొదటిది ఏమైందన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

పుంజం: విలువకు కొలత

ఈ నేతపనివారికి ప్రతిఫలం రోజుకూలిగానో, నెలజీతంగానో కాక, తాను ధర రూపంలో లభించేది. ఆ ధరకు ఆధారం పుంజం. 120 పడుగు పోగులు ఒక పుంజం. 14 పుంజాల బట్టలో 1,680 పోగులు, 18 పుంజాల బట్టలో 2,160 పోగులు ఉంటాయి. పన్నా మారకుండా పుంజాలు పెరిగితే సన్నని నూలు కావాలి, నేతకు మరింత నేర్పు, మరింత కాలం పట్టాలి. కనుక పుంజాల సంఖ్య చెప్పడమంటే నూలు నాణ్యతను, నైపుణ్యాన్ని, పనిదినాలను ఒక్క మాటలో చెప్పడమే. ఇంగ్లీషు కంపెనీ పత్రాలు సైతం మగ్గం దగ్గరి ఈ మాటనే స్వీకరించాయి. బేరం నేతపనివారి పరిభాషలో సాగింది. కొనుగోలుదారే దానిని నేర్చుకోవలసివచ్చింది.

తాను ధరలో కుటుంబ శ్రమ అంతా ఇమిడి ఉండేది. ఆసు పోయడం, పడుగుకు గంజి పెట్టడం, కండెలు చుట్టడం వంటి పనుల్లో ఇంటిల్లిపాదీ పాల్గొన్నా ఎవరికీ విడిగా కూలి లేదు. నూలును బయట కొనవలసిందే. దక్కను నుంచి లంబాడీల ఎద్దుల మీద వచ్చే పత్తి ప్రియమైతే నూలు ధర పెరిగేది. అప్పుడు నేతపనివారికి రెండు దారులుండేవి: తాను ధర పెంచమని కోరడం, లేదా పోగులు తగ్గించి నేయడం. రెండవ దారి కంపెనీ అధికారుల దృష్టిలో మోసం. నేతపనివారి వైపు నుంచి చూస్తే, పెరగని ధరకు తగిన బట్టనే ఇవ్వడం అందులోని తర్కం.

బయానా: విడిచిపెట్టగల స్వేచ్ఛ

నూలు కొనుగోలుకూ, నేత పూర్తయ్యేదాకా కుటుంబ పోషణకూ వర్తకులు ముందుగా సొమ్ము ఇచ్చేవారు. సంచకరువు, బయానా అనే మాటలు ఈ ముందస్తు సొమ్ముకు చెల్లుతాయి. బయానా తీసుకున్నవాడు రుణబద్ధుడనే సామాన్య అభిప్రాయాన్ని ప్రసన్నన్ పార్థసారథి 2001లో వెలువరించిన గ్రంథంలో దక్షిణ భారత ఆధారాలతో సవరించారు. ఆయన నిరూపణ ప్రకారం, నేతపనివారు బయానా తిరిగి చెల్లించి ఒప్పందాన్ని విడిచిపెట్టవచ్చు. ఇచ్చిన బయానాను వెనక్కి కోరే వీలు వర్తకులకు లేదు. ఇంగ్లీషు, డచ్చి, ఫ్రెంచి కంపెనీలూ స్థానిక వర్తకులూ ఒకే బట్ట కోసం పోటీపడినంత కాలం ఈ ఆచారానికి బలముండేది. అదీ చాలనప్పుడు ఊరు విడిచి మరో ప్రాంతానికి తరలిపోవడం చివరి ఆయుధం. పని నేర్పు చేతిలో ఉన్నవారికి కొత్త ఊరిలోనూ ఆదరణ దొరికేది.

కొనుగోలుదారే పాలకుడైన వేళ

1765 నాటి మొగలు ఫర్మానా, నిజాముతో 1766, 1768లలో కుదిరిన ఒప్పందాల ఫలితంగా ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాయి. కొనుగోలుదారే పాలకుడయ్యాడు. మధ్యవర్తులైన వర్తకులను తొలగించి నేరుగా బయానాలివ్వడానికి కంపెనీ ప్రయత్నించింది. తన బాకీ తీరేదాకా నేతపనివారు ఇతరులకు నేయకూడదని కట్టడి చేసింది. మగ్గాల మీద బంట్రోతుల నిఘా ఉంచింది. పూర్వం ఇచ్చినవారిని కట్టిపడేసిన బయానా ఇప్పుడు పుచ్చుకున్నవారికి సంకెల అయింది. పుంజం లెక్క మారలేదు. లెక్క చెప్పే అధికారం మారింది. గోదాములో బట్టను తరగతులుగా విడదీసి, తక్కువ తరగతికి ధర తగ్గించే నిర్ణయం కంపెనీ ఉద్యోగులదైంది. పోగుల సంఖ్య ప్రతిఫలానికి ప్రమాణంగా కంటే తనిఖీకి సాధనంగా ఎక్కువ పనిచేసింది.

నేతపనివారు మౌనంగా ఉండలేదు. ఈ ప్రాంతపు నిరసనలను పరిశీలించిన పి. స్వర్ణలత తన వ్యాసంలో వాటిని తిరుగుబాటు, సాక్ష్యం, అర్జీ అనే మూడు రూపాల కింద వివరించారు. ఈ మూడింటిలో బేరం లేకపోవడం గమనార్హం. పలువురు కొనుగోలుదారులున్నచోట ధర చెప్పడం బేరం. ఒక్క పాలకుని ఎదుట అదే ధర చెప్పడం అర్జీ. లెక్క అదే అయినా, కాదన్నప్పుడు వెళ్ళగల చోటు లేదు.

ముగింపు

దక్షిణ భారత నేతపనివారి ఆదాయం నాటి ఇంగ్లండు నేతపనివారి ఆదాయానికి తీసిపోదని పార్థసారథి 1998లో వాదించారు. బ్రాడ్‌బెర్రీ, బిష్ణుప్రియ గుప్తా 2006లో దానితో విభేదించారు. ఆదాయపు అంకెలపై చర్చ ఎటు తేలినా, బేరశక్తి ప్రశ్న దానితో తీరదు. నైపుణ్యమూ, తన విలువ తనకు తెలియడమూ 1768కి ముందూ తరువాతా నేతపనివారికి ఉన్నాయి. పోయినది ఒప్పందాన్ని విడిచిపెట్టగల స్వేచ్ఛ. 1833 చార్టరు చట్టంతో కంపెనీ వ్యాపారం ముగిసినా, అప్పటికే యంత్రపు బట్ట పోటీకి రావడంతో పాత బేరశక్తి తిరిగి రాలేదు. చేనేత చరిత్రను నైపుణ్యపు కీర్తనగానో, పతనగాథగానో మాత్రమే రాసినప్పుడు ఈ అంశం మరుగున పడుతుంది. మగ్గం పదకోశాన్ని నిర్మించే పరిశోధకులు పుంజం, పన్నా, సంచకరువు వంటి మాటలను వృత్తిపదాలుగానే కాక, ప్రతిఫలాన్ని నిర్ణయించిన మాటలుగా కూడా నమోదు చేయవలసి ఉంది.